వేల్సు పల్లెలలోని పాత పూటకూళ్ల యిండ్లు

క్రిందటి మాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసి, ఈ మాసమున నూలు రంగుల ముచ్చట వ్రాయుదుమని మాట యిచ్చితిమి. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపుడు. కారణ మొక జాబు.

మా చిన్ననాటి నెచ్చెలి యొకతె, పెనిమిటి వైద్యవృత్తిలో నుండుటచే, పదునొకండేండ్లుగా వేల్సు దేశమున కాపురము చేయుచున్నది. వేల్సనునది ఇంగ్లండునకు పడమట సముద్రము నానుకొనియున్న కొండల సీమ. బ్రిటను రాజ్యములోనిదే యైనను దాని భాష వేఱు, పాట వేఱు, పౌరుషము వేఱు. ఆ దంపతు లిటీవల నొక పల్లెలో పాత రాతియిల్లు కొనిరి. గుమ్మము ప్రక్కనున్న పలకమీద ‘హెన్ దవర్న్’ అని చెక్కియున్నదట. పెనిమిటి ఆ పలకను ఊడదీయించి, కీర్తిశేషురాలైన తన తల్లిగారి పేర నొక నిలయమని క్రొత్త పలక పెట్టింపవలెనని పట్టుపట్టియున్నాడు. “అక్కా, అత్తగారి పేరు వద్దనుటకు నాకు నోరు రాదు. ఎవరి యింటి పేరో చెఱిపివేయుటకు మనసొప్పదు. ఈ యింటి పూర్వోత్తరము లేమైన తెలిసినచో మాటలాడుటకు నాకొక యాధార ముండును. నీవు పాత గ్రంథములు తిరుగవేయుదానవు గదా, త్రోవ చెప్పుము” అని వ్రాసినది.

మేము తిరుగవేసిన గ్రంథములు వేఱు. మేము బడికి పోయి చదివినవారము కాము. తాతగారి పంచలో చాపమీద కూర్చుండి భారతము, మనుచరిత్రము, రెండు సంస్కృత నాటకములు చదివితిమి. అంతటితో మా చదువు ముగిసినది. అయినను నెచ్చెలి యడిగినది కాదనలేక, మా వారు పాఠశాలనుండి తెచ్చిపెట్టిన పుస్తకములును, వేల్సువారు అంతర్జాలమున నెల్లరకును తెఱచి యుంచిన కవిలెకట్టలును మూడు నెలలుగా, పిల్లలు నిద్రించిన పిమ్మట, చూచుచు వచ్చితిమి. చూచిన కొలది మా కాసక్తి హెచ్చినది. ఒక దేశపు చరిత్ర యనిన రాజుల పేళ్లే యని యనుకొనువారు పల్లెలోని యొక చిన్న యింటిని పట్టుకొని వెనుకకు నడచి చూడవలెను.

మొట్టమొదట పేరు. ‘హెన్’ అనగా పాత. ‘తవర్న్’ అనగా పూటకూళ్ల యిల్లు. కూడు, పడక, బీరుసారాయము మూడును దొరకు చోటు. ఆ మాట పూర్వము రోమకులు విడిచిపోయిన లాటిను మాటనుండి వచ్చినది. అట్లయిన పలకమీద ‘తవర్న్’ అని గాక ‘దవర్న్’ అని యేల యున్నది? ఇచ్చట మా వ్యాకరణాభ్యాసము మాకు తోడైనది. తల్లియు తండ్రియు కలిసి తల్లిదండ్రులగునపుడు తకారము దకారమగుట మన మెఱుగుదుము గదా. వేల్సు భాషలోను అట్టి మార్పే కలదు. కొన్ని మాటల వెనుక వచ్చినపుడు క, త, ప లు గ, ద, బ లగును, మకారము వకారమగును. ‘పోంట్’ అనిన వంతెన ‘బోంట్’ అగును. ‘మెలిన్’ అనిన తిరుగలి మర ‘వెలిన్’ అగును. వింత యేమనగా, భాషలోని ‘ఆ’ యను చిన్న ముందుమాట తగిలినపుడు స్త్రీలింగపదములే మెత్తబడును. పుంలింగపదములు చెక్కు చెదరవు. వైయాకరణులు పురుషులే యైయుందురని మేము మా వారితో ననగా ఆయన నవ్వి యూరకుండిరి.

ఇది వినోదము మాత్రమే కాదు. పాత పట్టికలలో ఒక పూటకూళ్ల యింటిని తకారము క్రింద వెదకి లేదని పుస్తకము మూసినవాడు దకారము క్రింద వెదకడు. దానికితోడు ఆ పట్టికలు వ్రాసిన గుమాస్తాలలో పలువురు ఆంగ్లేయులు, లేదా ఆంగ్లపు చదువు చదివినవారు. చెవికి వినబడినట్లు వ్రాసికొనిరి. ఒకే పొలపుటిల్లు నాలుగు దస్త్రములలో నాలుగు రూపుల కనబడును. కావున వెదకువారు కంటితో గాక నోటితో చదువవలెను. బిగ్గరగా పలికి చూచినచో రెండును ఒకటే యని తెలియును.

ఇక పటము. ఒకప్పు డచ్చట ప్రతి రైతును తన పంటలో పదియవ పాలు క్రైస్తవ మఠాధికారులకు ధాన్యరూపమున నీయవలసి యుండెను. 1836వ సంవత్సరపు చట్టము ఆ పదియవ పాలును రొక్కముగా మార్చినది. ఏడేండ్ల గోధుమ, యవ, ఓటు ధాన్యముల సగటు ధరనుబట్టి ఆ రొక్కమును కట్టిరి. ఎవరెంత యీయవలెనో తేల్చుటకు ప్రతి చెఱగును కొలువవలసి వచ్చెను. అందుచే 1830ల చివరనుండి 1850 ప్రాంతము వఱకు వేల్సులో దాదాపు ప్రతి ఊరికిని పెద్ద పటమొకటియు, దానితో నొక పట్టికయు సిద్ధమయ్యెను. పటములో ప్రతి చెక్కకు నొక యంకె. పట్టికలో ఆ యంకెకు ఎదురుగా భూస్వామి పేరు, సాగుచేయువాని పేరు, పొలము పేరు, అది పచ్చికయో దున్నునేలయో, విస్తీర్ణము, చెల్లింపవలసిన రొక్కము. ఒక్కొక్క పటమునకు మూడు ప్రతులు వ్రాయించిరి: ఒకటి లండనులోని యధికారులకు, ఒకటి బిషప్పునకు, ఒకటి ఊరికి. బిషప్పుల ప్రతులు ఇప్పుడు అబెరిస్ట్విత్ పట్టణములోని వేల్సు జాతీయ గ్రంథాలయమున నున్నవి. 1907లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయమువారు 1,200కు పైగా పటములను ఛాయాచిత్రములు తీయించి, వందలకొలది స్వచ్ఛంద సేవకులచేత పట్టికలను తిరిగి వ్రాయించి, లోకమునకెల్ల ఉచితముగా నిచ్చిరి. మా యూరి కరణముగారి కవిలెలు చెదలు తినిన సంగతి తలచుకొని మేము కొంచె మీర్ష్యపడితిమని యొప్పుకొనుచున్నాము.

ఆ పన్ను జనులకు ప్రియమైనది కాదు సుమా. వేల్సువారిలో మిక్కిలి మంది ఇంగ్లండు మతసంస్థలో చేరక తమ తమ ప్రార్థనామందిరములకు పోవువారు. తాము పోని గుడికి తామేల చెల్లింపవలెనని 1880లలో అడ్డము తిరిగిరి. జప్తునకు వచ్చిన వారిని తఱిమిరి. జనులు ద్వేషించిన ఆ పన్నే వారి పొలముల పేళ్లను దక్కించినది.

పటము తరువాత జనాభా లెక్కలు. 1841నుండి ప్రతి పదేండ్లకును ఇంటింటి పేళ్లు కలవు. అందు 1841 లెక్క కొంచెము మోసకారి: పదునైదేండ్లు దాటినవారి వయస్సును అయిదింటి లెక్కకు తగ్గించి వ్రాసిరి. ముప్పది నాలుగేండ్ల యామె ముప్పది యని యుండును. (ఆ పద్ధతి యిప్పుడున్నను మాలో కొందఱము కాదనము.) 1851నుండి సరియైన వయస్సు, జన్మస్థలము, వృత్తి, ఇంటి యజమానితో చుట్టఱికము దొరకును. 1891నుండి వేల్సు భాష మాటలాడుదురా, ఆంగ్లమా, రెండునా యనికూడ నడిగిరి. నూఱేండ్లు నిండినగాని ఆ పుస్తకములు తెఱవరు. 1921 లెక్కను 2022లో తెఱచిరి. 1931 లెక్క 1942లో అగ్నికాహుతి యయ్యెను. 1941లో యుద్ధమువలన లెక్కయే తీయలేదు. కావున ఆ నడుమ నివసించినవారి జాడ చాల కష్టము.

పూటకూళ్ల యిండ్లకు మఱొక దారి కలదు. 1552 నాటి చట్టము ప్రకారము బీరు అమ్మువారు న్యాయాధికారులయొద్ద అనుమతి పొంది, ఇంట నల్లరి జరుగనీయమని పూచీకత్తు వ్రాసి యీయవలెను. 1753 తరువాత ఆ పూచీల పట్టికను జిల్లా గుమాస్తా వ్రాసి యుంచవలసి వచ్చెను. పట్టిక లభించిన జిల్లాలలో ఏయేటి కాయేడు యజమాని పేరు చూచుకొనవచ్చును. ఆ పేళ్ల వరుసలో ఒకచోట పురుషుని పేరు నిలిచిపోయి, మఱుసటి యేడు స్త్రీ పేరు వచ్చును. అనగా ఆయన పోయినాడు. ఆమె పొయ్యి ఆర్పలేదు. ఇట్టివి కొన్ని చూచిన పిమ్మట మాకు పట్టిక చదువుచుండగనే గుండె ఝల్లుమనుట మొదలిడినది.

1830లో మఱొక చట్టము వచ్చి, పన్ను కట్టు గృహస్థుడెవడైనను రెండు గినీలు చెల్లించినచో న్యాయాధికారి యనుమతి లేకయే బీరు అమ్ముకొనవచ్చుననెను. కొన్ని మాసములలో ఇంగ్లండు వేల్సులు రెంటను కలిపి ఇరువది వేలకు పైగా క్రొత్త దుకాణములు పుట్టెను. కమ్మరి తన కొలిమి ప్రక్కను, రైతు తన వంటయింటిలోను రెండు బల్లలు వేసి కూర్చుండెను. 1869లో ఆ స్వేచ్ఛ ముగిసినది. ఈ నలువదేండ్లలో పుట్టి గిట్టిన చిన్న యిండ్లు న్యాయాధికారుల పట్టికలలో దొరకవు. వానికి జనాభా లెక్కయు, వార్తాపత్రికలును శరణ్యము. 1919 వఱకు వెలువడిన వేల్సు పత్రికలు పదునొకండు లక్షల పుటలకు పైగా ఆ గ్రంథాలయమువారే యంతర్జాలమున నుంచిరి. పల్లెలో సభాభవనములు లేని కాలమున వేలము వేయవలెనన్నను, అనుమానపు మరణమును విచారింపవలెనన్నను, పన్ను నిర్ణయింపవలెనన్నను అందఱును కూడినది పూటకూళ్ల యింటనే. అందుచే ఆ యిండ్ల పేళ్లు పత్రికలలో అడుగడుగునను కనబడును.

1881లో ఆదివారమునాడు వేల్సులో మద్యము అమ్మరాదని శాసనము వచ్చినది. దూరప్రయాణీకునికి మాత్రము మినహాయింపు. క్రిందటి రాత్రి నిద్రించిన చోటికి మూడు మైళ్లు దూరమున నున్నచో అతడు ప్రయాణీకుడే. అందుచే ఆదివారమునాడు తూర్పూరివారు పడమటి యూరికిని, పడమటివారు తూర్పూరికిని నడచుచుండిరట! 1961 తరువాత ఏడేండ్ల కొకసారి జిల్లాలవారీగా జనుల నడిగి, వలదన్న జిల్లాలలో మూయించుచు వచ్చిరి. కట్టకడపటి జిల్లా 1996లో తలుపు తెఱచినది.

ఆ యిండ్లు వెలిగిన కాలమున వాని పోషకులు పశువులను తోలువారు. వేల్సు కొండలలో పెరిగిన నల్లని యెడ్లను వందలకొలది మందలుగా ఇంగ్లండు సంతలకు నడిపించుకొని పోయెడివారు. రాతిబాటల నడచుటకు ఎడ్ల కాళ్లకు ఇనుప నాడాలు కొట్టించెడివారు. బాతుల కాళ్లను తారులోను ఇసుకలోను అద్ది చెప్పులవలె గట్టిపఱచెడివారు. రాత్రి పశువులకు పచ్చిక, మనుష్యులకు పడక దొరకు చోటనే పూటకూళ్ల యిల్లు వెలసెడిది. దొంగలభయముచే రొక్కము మోయుట కష్టముగా నుండగా, 1799లో లాన్‌దొవెరి పట్టణమున దేవిడ్ జోన్సు అను నతడు ఒక పూటకూళ్ల యింటనే బ్యాంకు పెట్టి, నోట్లమీద నల్లయెద్దు బొమ్మ వేయించెను. నల్లయెద్దు బ్యాంకని జనులు పిలిచిన ఆ కొట్టు 1909లో లాయిడ్సు బ్యాంకులో కలిసిపోయినది. రైలు వచ్చి పశువులను పెట్టెలలో ఎక్కించుకొనిపోగా బాటలు పాడువడెను. బాటలపై బ్రతికిన యిండ్లు చల్లారెను. నెచ్చెలి యింటిని గూర్చి మేము చేసిన మొదటి యూహ యిదియే.

గోడమీద వ్రాసినదంతయు నమ్మరాదనియు నేర్చుకొంటిమి. ఇంగ్లండు సరిహద్దు చెంతనున్న స్కిరిడ్ అను పూటకూళ్ల యిల్లు 1110 నాటిదని చెప్పుకొందురు. కట్టడము చూచిన వాస్తుపండితులు పదునేడవ శతాబ్దమునాటిదందురు. అంతకంటె ముచ్చటైనది బెద్‌గెలెర్ట్ కథ. ఆ పేరునకు గెలెర్ట్ సమాధి యని యర్థము. లెవెలిన్ అను రాజు వేటనుండి వచ్చి, నెత్తురు పూసికొనియున్న తన వేటకుక్కను, తలక్రిందులైన శిశువు తొట్టిని చూచి, కుక్కయే బిడ్డను తినినదనుకొని పొడిచి చంపెననియు, పిదప బిడ్డ క్షేమముగా నుండుటయు, ప్రక్కన చచ్చిపడిన తోడేలును కనబడెననియు, ఆ కుక్క సమాధి యిదియే యనియు యాత్రికులకు చూపుదురు. సోదరీమణులారా, ఈ కథ మీరెచ్చట విన్నారు? కుక్కకు మాఱు ముంగిసను, తోడేలునకు మాఱు పామును పెట్టి చూడుడు. మన పంచతంత్రములోని బ్రాహ్మణుని ముంగిస కథయే అది! దేశదేశములు తిరిగి, రూపు మార్చుకొని, ఆ కొండలకు చేరినది. ఆ కథను ఆ యూరికి ముడిపెట్టి సమాధిరాయి నిలిపినవాడు 1793 ప్రాంతమున దక్షిణ వేల్సునుండి వచ్చి, ‘మేక’ గుఱుతు గల పూటకూళ్ల యింటిని నడపిన దేవిడ్ ప్రిచర్డ్ అని అచ్చటి చరిత్రకారులు తేల్చిరి. ఊరిపేరు అంతకు చాల పూర్వపుది. ఏ సాధువు పేరో యై యుండును. బేరము పెంచుకొనుటకై యతడు చేసిన పని మెచ్చదగినది కాకపోయినను, మన ముంగిసకు అంత దూరమున నొక సమాధి కట్టించినందుకు మేమతనిపై కోపగింపలేకున్నాము.

పూటకూళ్ల యిండ్లకంటె పొలపుటిండ్ల పేళ్లు గట్టివి. వేల్సులో జోన్సులు, డేవిసులు, విలియంసులు లెక్కకు మిక్కిలి. ఒక్క పల్లెలో పదిమంది జాన్ జోన్సులుందురు. వారిని వేఱుపఱుచుటకు పొలపుటింటి పేరు చేర్చి పిలుతురు. మన మింటిపేరు అందుము గాని అది యిప్పుడు వంశపు పేరు. వారికి నిజముగా ఇంటి పేరే. వంశనామము లచ్చట చాలకాలము స్థిరముగా లేవు. తండ్రి పేరే బిడ్డకు రెండవ పేరు. కొడుకునకు ‘ఆప్’, కూతునకు ‘వెర్ఖ్’ అని నడుమ చేర్చెడివారు. పెండ్లియైన స్త్రీయు తండ్రిపేరుతోనే యుండెడిది. అందుచే పాత దస్త్రములలో ఇల్లాలిని భర్త పేరుక్రింద వెదకిన దొరకదు. పుట్టింటి పేరుక్రింద వెదకవలెను. 1858కి ముందు వ్రాసిన మరణశాసనములు లక్షా తొంబది వేలకు పైగా ఆ గ్రంథాలయముననే కలవు. పెండ్లియైన స్త్రీ స్వతంత్రముగా శాసనము వ్రాయుట అరుదు. విధవలవి మాత్రము చాల దొరకును. వానితో జతచేసిన సామానుల పట్టికలు చదువుటకు మాకు తనివి తీరలేదు. ఎన్ని యావులు, ఎన్ని గొఱ్ఱెలు, ఇత్తడి గిన్నె, ఈకల పఱుపు, రాట్నము. ఒక యిల్లాలి సంసారమంతయు పదునైదు పంక్తులలో!

ఇండ్ల పేళ్లలో ‘హవోద్’, ‘హెన్‌ద్రె’ అను రెండు మాటలు మాటిమాటికి వచ్చును. హెన్‌ద్రె పల్లపునేలలోని శీతకాలపు ఇల్లు. హవోద్ కొండమీది వేసవి యిల్లు. ఎండకాలమున ఆవులతో కొండకెక్కి, పాలు పితికి, వెన్న తీసి, జున్ను కట్టి, చలి రాగానే దిగివచ్చెడివారు. ఆ యాచారము పోయి చిరకాలమైనది, పేళ్లు నిలిచినవి.

ఒక్కొక్క పేరు ఎంత దూరము పోవునో చూడుడు. దొల్గెల్లై పట్టణము చెంత ‘బ్రిన్ మౌర్’ అను పొలపుటిల్లు కలదు. పెద్దతిప్ప యని యర్థము. అందుండిన రోలండ్ ఎల్లిస్ అను క్వేకరు మతస్థుడు, మతము నిమిత్తము పెట్టు బాధలు పడలేక, 1686లో అమెరికాకు తరలిపోయెను. ఆ పేరే పెన్సిల్వేనియాలో నొక యూరి పేరయ్యెను. 1885లో ఆ యూర తెఱచిన స్త్రీల కళాశాల పేరును అదియే. ఆ కళాశాలలో చదువు స్త్రీలు తమ కళాశాల పేరున నొక గొఱ్ఱెల కాపరి తిప్ప దాగియున్నదని యెఱుగుదురో లేదో.

మఱొక పొలపుటిల్లు మాకు మిక్కిలి యాత్మీయము. ఆంగ్లసీ ద్వీపమున ‘షోన్ షోర్’ అను సామాన్య రైతునకు 1675లో విలియం అను కొడుకు పుట్టెను. షోన్ కొడుకు గనుక జోన్సు అయ్యెను. గణితమున ‘పై’ అను గుఱుతును వృత్తపు పరిధి వ్యాసముల నిష్పత్తికి 1706లో తొలుత వాడినవాడు ఇతడే. ఇతని కుమారుడే కలకత్తాకు వచ్చి, 1784లో ఆసియాటిక్ సొసైటీ స్థాపించి, 1789లో శాకుంతలమును ఆంగ్లమున ప్రకటించిన సర్ విలియం జోన్సు. హితోపదేశమును సైతము ఆంగ్లీకరించిన వాడు. అందును మన ముంగిస కలదు. మా తాతగారి చాపమీద మేము చదివిన శకుంతలను ఐరోపావారికి పరిచయము చేసిన చేయి, రెండు తరముల వెనుక, ఆ ద్వీపమున నాగలి పట్టిన చేయి యని తెలిసిననాడు మాకు రాత్రి నిద్ర పట్టలేదు.

దస్త్రము తప్ప వేఱు ఉనికి లేని యిండ్లును కలవు. బాలా పట్టణమునకు చేరువ త్రవెరిన్ లోయలో లివర్‌పూల్ నగరపు నీటికొఱకు 1957లో చట్టముచేసి, 1965 నాటికి కాపెల్ కెలిన్ అను పల్లెను జలాశయమున ముంచిరి. బడి, ప్రార్థనామందిరము, తపాలకచేరి, పండ్రెండు ఇండ్లును పొలములును మునిగెను. వేల్సు ప్రతినిధులలో నొక్కరును ఆ చట్టమునకు అనుకూలముగా మత మీయలేదు, అయినను చట్టమయ్యెను. క్వేకరులు పూర్వము రహస్యముగా కూడిన ‘హవోద్ వాదోగ్’ అను పొలపుటిల్లు అందులోనిదే. ఇప్పు డా యింటి గడప చూడవలెనన్నచో పటము విప్పి అంకె వెదకుటయే. కృష్ణ క్రింద మునిగిన ఊళ్లవారు మా బంధువులలో నున్నారు. కావున ఆ పుటను మేము త్వరగా త్రిప్పివేసితిమి.

వేల్సువారు 2016లో చట్టముచేసి, మఱుసటి సంవత్సరము మూడున్నర లక్షలకు పైగా పాత స్థలనామముల పట్టికను ప్రకటించిరి. పేరు మార్చుకొనువారిని ఆపు బలము ఆ పట్టికకు లేదు. ఇదివఱకు ఉండిన పేరేదో చెప్పును, అంతియే. కావున భారము మరల మా నెచ్చెలి యింటిమీదికే వచ్చినది.

ఆమె మేము చెప్పిన వరుసనే వెదకినది. 1840ల పటములో ఆమె యింటి అంకెకు ఎదుట ‘ఇల్లు, గుఱ్ఱపుసాల, దొడ్డి’ అని యున్నది, పేరు లేదు. ఆనుకొని యున్న చెక్క పేరు ‘కై ర్ ఒదిన్’, ఆవము చేను. ఆ యావము సున్నము కాల్చుటకో, బీరునకు యవలు ఎండించుటకో తెలియదని మేము హెచ్చరించితిమి. గుఱ్ఱపుసాల మాత్రము మాకు నచ్చినది. ఇరువది యెకరముల రైతునకు అంత పెద్ద సాల యేల? 1851 లెక్కలో సంగతి బయటపడినది. ఇంటి యజమాని స్థానమున నలువదియొక్క యేండ్ల విధవ. వృత్తి ‘పూటకూళ్ల యిల్లు నడపుట, ఇరువది యెకరముల సాగు’. ఇద్దఱు చిన్న కుమార్తెలు, ఒక కొడుకు, ఒక పనికత్తె. 1861లో అదే యామె, వృత్తి సాగు మాత్రమే. కొడుకు ఇంట లేడు. 1871లో తొలిసారి యింటిపేరు కనబడినది: హెన్ దవర్న్. మేము కాగితము పట్టుకొని చాలసేపు ఆలోచించితిమి. బేరము నడచుచున్న యింటిని ఎవరును పాత పూటకూళ్ల యిల్లని పిలువరు. ఆమె తలుపు మూసిన తరువాతనే జనులు ఆ పేరు పెట్టిరి. అనగా ఆ పేరు ఇంటిది కాదు. ఆమె అన్నము పెట్టిన దినములను ఊరివారు మఱువలేక పెట్టుకొన్న గుఱుతు.

ఇది నెచ్చెలికి వ్రాసితిమి. ప్రత్యుత్తరమునకు ఇరువది దినములు పట్టినది. అందలి సంగతి వారిరువుర యనుమతితోనే యిచ్చట వ్రాయుచున్నాము.

ఆమె పెనిమిటికి ఆరేండ్ల వయస్సున తండ్రి పోగా, తల్లి గోదావరి యొడ్డున నొక పట్టణమున కళాశాల విద్యార్థులకు పూటకూడు వండిపెట్టి అతనిని చదివించినది. బడిలో తోడిపిల్లలు ‘పూటకూళ్లమ్మ కొడుకా’ యని పిలిచెడివారట. పెండ్లియైన యిన్నేండ్లలో భార్యకైన నతడు ఈ మాట చెప్పలేదు. అత్తగారు పిండివంటలు బాగుగా చేయుదురని మాత్రమే ఆమె యెఱుగును. క్రొత్తయింటి పలకకు అర్థము పొరుగువారు చెప్పిననాడే అతడు దానిని ఊడదీయింపవలెనని నిశ్చయించుకొనెనట. మన కావ్యములలో ఓరుగంటి పూటకూళ్ల యింటి భోజనమును క్రీడాభిరామకర్త ఎంత నోరూరునట్లు వర్ణించెనో చదివి మేము ఆనందించితిమి గాని, ఆ కూడు వండిన చేతుల సంగతి ఆ దినమువఱకు తలపునకు రాలేదు, చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

“1851 పుటను ఆయన చేతికిచ్చి నేను వంటయింటిలోనికి పోయితిని” అని నెచ్చెలి వ్రాసినది. “అరగంటకు వచ్చి, ఈమె కొడుకు 1861లో ఎచ్చట నున్నాడో చూచితివా యని యడిగిరి. చూడలేదంటిని. ఆ రాత్రి తామే వెదకుచు కూర్చుండిరి. రెండు గంటలకు నన్ను లేపి, దొరికినాడు, ముప్పది మైళ్ల దూరమున మందుల కొట్టులో పని నేర్చుకొనుచున్నాడు అనిరి. పలక మాట మరల ఎత్తలేదు. నిన్న మేస్త్రీ వచ్చి ఎప్పుడు ఊడదీయవలెనని యడుగగా, అక్షరములలో నాచు పట్టినది, దానిని తుడిచి పొమ్మనిరి. అత్తయ్యగారి పటము ఇప్పుడు వంటయింటి గుమ్మముమీద నున్నది. వచ్చు శనివారము ఇద్దఱమును అబెరిస్ట్విత్ పోవుచున్నాము. ఆ విధవ శాసనము వ్రాసెనేమో, గిన్నెలు ఎవరికిచ్చెనో చూడవలెను. అక్కా, ఆమె పుట్టింటి పేరు పట్టుకొనుట యెట్లు?”

పెద్దకుమార్తె జ్ఞానస్నానపు పట్టీ చూడుమని వ్రాసి, నేడే తపాలలో వేసితిమి. నూలు రంగుల ముచ్చట వచ్చు మాసమున తప్పక వ్రాయుదుము. కరక్కాయ పొడి మాత్రము ఇప్పటినుండియే ఎండబెట్టి యుంచుకొనుడు.